ఎనిమిదో నంబరు గోళీ

ఐలేన్ అకూన్యాకి వంట రాదు, పొద్దున్నే లేవడం రాదు, ఏ పుస్తకాన్నైనా చివరిదాకా చదవడం అసలే రాదు. వచ్చిందల్లా విన్నది ఒంటబట్టించుకోవడం. యమీలా సలసార్ ఖర్మ ఏమిటంటే, ఆ పిల్ల వినేదంతా యమీలా నోటి నుంచే.

లా కాలేజీలో చేరిన దగ్గర్నుంచీ ఇద్దరూ కలిసే చదివారు. చదవడమంటే, కొరియెంతెస్ ఊళ్ళో యమీలా వాళ్ళ అద్దింటి వంటగదిలో ఫ్యాను కింద కూర్చుని యమీలా పైకి చదివేది. ఐలేన్ కుర్చీలో కాళ్ళు ముడుచుకుని, ఐసు వేసిన తెరెరె ఆకు పానీయం గొట్టంతో పీలుస్తూ వినేది. మధ్యలో నిద్రపోయేది కూడా. తీరా పరీక్షలో యమీలాకి పదికి ఏడొస్తే ఐలేన్‌కి తొమ్మిదొచ్చేది.

పరీక్షలన్నీ నోటితో చెప్పేవే కావడం వల్ల వచ్చిన చిక్కది. రాసే పరీక్షయితే యమీలా ఎక్కడో ఉండేది. ముగ్గురు ప్రొఫెసర్ల ఎదురుగా కూర్చుంటే యమీలాకి నోరెండిపోతుంది, పాఠం మొత్తం లోపల లోడయి ఉన్నా బయటికి ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఐలేన్‌కి తెలిసింది సగమే, ఆ సగాన్నే పెళ్ళివారింట్లో కబుర్లు చెప్పినట్టు చెప్పేస్తుంది. వాళ్ళు నవ్వుతారు. నవ్విన ప్రొఫెసరు చెయ్యి మార్కుల దగ్గర ధారాళంగా కదులుతుంది.

యమీలా దీన్ని అసూయ అనుకోలేదు ఎప్పుడూ. అన్యాయం అనుకునేది. లా చదివేవాళ్ళకి ఆ సౌకర్యం ఉంది.

ఇంట్లో కూడా అదే తంతు. వాళ్ళమ్మ మిర్తా పొయ్యి మీంచి చిపా రొట్టెలు దించితే, అడుగున బాగా కాలి కరకరలాడేవి ఏరి ఐలేన్ పళ్ళెంలో వేసేది. "పాపం హాస్టలు పిల్ల" అనేది. ఆ హాస్టలు పిల్ల వారానికి ఐదు రోజులు వీళ్ళింట్లోనే తింటోందన్న సంగతి మిర్తాకి లెక్కలోకి రాదు. ఆఖరికి ఆ ఇంటి కుక్క కూడా ఐలేన్ కాళ్ళ దగ్గరే పడుకునేది.

చివరికి ఇద్దరికీ ఒక్క సబ్జెక్టే మిగిలింది. వారసత్వ చట్టం. అది గట్టెక్కితే లాయర్లు. ఒకే రోజు పరీక్ష, అదే ముగ్గురు ప్రొఫెసర్లు కూర్చునే ఒకే బల్ల. "ఇద్దరం ఒకేసారి గుడ్లు తినాలే. తినడమంటే నెత్తిమీద" అంది ఐలేన్. చదువు పూర్తయిన పిల్లని కాలేజీ మెట్ల మీద నిలబెట్టి గుడ్లతో, పిండితో కొట్టకపోతే ఆ డిగ్రీకి ఊళ్ళో విలువుండదు మరి. ఆ రోజున ఎవరి కోసం ఎంత మంది వస్తే వాళ్ళకంత గొప్ప.

ఆ సబ్జెక్టులో ఎనిమిదో పాఠం చేతిరాత వీలునామా. అది చదివిన రోజు యమీలా పుస్తకం మూసేసింది. "ఇది నేను చదవక్కర్లేదు. మా ఇంట్లో జరిగింది" అంది.

మిర్తాని పెంచింది ఎల్విరా అనే ఆవిడ. కన్నతల్లి కాదు, దత్తత కాగితాలూ లేవు, పెంచిందంతే. యమీలాకి అమ్మమ్మంటే ఆవిడే. పరానా నది ఒడ్డున చిన్న ఇల్లుండేది ఆవిడకి. ఇల్లు మిర్తాకి చెందాలని తన చేత్తోనే రాసింది, కింద తారీకు వేసింది. అప్పుడు గుర్తొచ్చింది చిలక సంగతి. కాపిటాన్ అని ఓ ముసలి చిలక. అప్పటికే వేళ్ళు కొంకర్లు పోయాయి ఆవిడకి. పక్కింటావిడని పిలిచి, "చిలక చర్చి ఫాదరుకి అని ఓ ముక్క నువ్వు రాసెయ్యవే" అంది. ఆవిడ గుండ్రంగా, అందంగా రాసింది. ఎల్విరా సంతకం పెట్టింది. తర్వాత పోయింది.

చట్టం అక్కడే అడ్డం తిరిగింది. చేతిరాత వీలునామాలో పరాయి చెయ్యి పడిందనుకోండి. రాసుకున్న మనిషికి తెలియకుండా ఎవరో దూర్చిందయితే ఆ ముక్క ఒక్కటే కొట్టేస్తారు, మిగతాది నిలుస్తుంది. ఆ మనిషే అడిగి రాయించుకుంటే మాత్రం మొత్తం వీలునామా చెల్లదు. ఎవరు విన్నా ఇదేంటి ఉల్టాగా ఉంది అంటారు. ఉల్టాగానే ఉంది. పక్కింటావిడ కోర్టులో గర్వంగా, "నేను దొంగతనంగా రాయలేదండీ, ఆవిడే రాయమంది" అని చెప్పింది. ఆ ఒక్క నిజంతో ఇల్లు ఎగిరిపోయింది. బ్యూనస్ ఐరిస్‌లో ఎక్కడో ఉన్న ఎల్విరా తమ్ముడికి పోయింది. ఆయన వచ్చి చూడను కూడా చూడకుండా అమ్మేశాడు. ఇప్పుడక్కడ కార్లు కడుగుతారు.

"నువ్వు లా చదవడం ఇందుకేనా?" అని అడిగింది ఐలేన్ ఆ రోజు. ముక్కు ఎర్రబడింది దానికి, నిజంగానే ఏడ్చింది. యమీలాకి మంచిగా అనిపించింది. తన దగ్గర ఉండి ఐలేన్ దగ్గర లేనిది ఒక్కటుందని.

పరీక్ష రోజు డిసెంబరు నడివేసవి ఎండ మెట్ల మీద నిప్పులు పోస్తోంది. పేర్ల వరసలో అకూన్యా మొదట్లో, సలసార్ చిట్టచివర. ఎప్పుడూ అంతే. పొద్దున్న ఐలేన్ లోపలికెళ్తే యమీలా వెనక బెంచీలో కూర్చుంది. ఎవరైనా కూర్చుని వినొచ్చు.

బల్ల మీద తీగల పంజరం, అందులో నంబర్లు వేసిన చెక్క గోళీలు. పిడి తిప్పాలి, రెండు గోళీలు తియ్యాలి, వాటిలో ఒక పాఠం ఎంచుకుని చెప్పాలి. తర్వాత గోళీలు మళ్ళీ పంజరంలోకే. ఐలేన్ పిడి తిప్పి, తీసి చూసి, "ఎనిమిది చెప్తాను సార్" అంది, లాటరీ తగిలినట్టు.

చెప్పింది. ఎల్విరా కథ చెప్పింది. ఎవరి కథో చెప్పలేదు, "మా ఊళ్ళో ఒకావిడ ఉండేది సార్" అంది. కొంకర్లు పోయిన వేళ్ళు చూపించింది. చిలక గొంతు పెట్టి మాట్లాడింది. ఆ చిలక ఫాదరు గారింట్లో బూతులు తిట్టిందని సొంతంగా ఓ ముక్క చేర్చింది. పెద్ద ప్రొఫెసరు బెనీతెస్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు, అంత నవ్వాడు. వెనక బెంచీల్లో పిల్లలూ నవ్వారు. యమీలా చెవులు కాలిపోయాయి. కాపీ, పేస్టు, పైన రంగు కాగితం.

ముగింపులో ఐలేన్ అంది, "ఆవిడ కోరే రాయించుకుంది కాబట్టి అందులో తప్పేం లేదు సార్. అదే ఆవిడకి తెలియకుండా రాసుంటే వీలునామా మొత్తం పోయేది. అందుకని ఇల్లు పెంచుకున్న కూతురికే దక్కింది."

ఉల్టా. సరిగ్గా ఉల్టా చెప్పింది.

యమీలా ముందుకి వంగింది. ఇప్పుడు పట్టుకుంటారు, ఇప్పుడు. బెనీతెస్ ఇంకా చిలక దగ్గరే ఉన్నాడు. పక్కన లెసామా మేడమ్ కాగితం మీద ఏదో గీసింది, ఏం గీసిందో ముఖంలో తెలియలేదు. మూడో ఆయన ఫోను చూసుకుంటున్నాడు. "బాగుందమ్మా. సాయంత్రం మార్కులు చదువుతాం" అన్నాడు బెనీతెస్.

బయటికొస్తూనే ఐలేన్ యమీలా మెడ పట్టుకుని ఊపేసింది. "అయిపోయిందే! ఆయన ఏడ్చాడు చూశావా నవ్వలేక!"

"చూశాను."

"నీ కథే కాపాడిందే నన్ను. ముద్దొస్తున్నావు ఫో."

మెట్ల మీద ఐలేన్ బలగమంతా ఉంది. సొంతూరు గోయా నుంచి వ్యాను మాట్లాడుకుని వచ్చారు, అత్తలు, పిల్లలు, అన్న నవేల్. యమీలా తరఫున మిర్తా ఒక్కతే. చేతిలో గుడ్ల అట్టపెట్టె ఒకటి, పిండి సంచీ ఒకటి.

"ఇంకా మార్కులు చదవలేదు కదా" అంది మిర్తా. "చదవకుండా గుడ్డు ముట్టుకోకూడదు నాయనా."

"ప్రొఫెసరే పడీ పడీ నవ్వాడంట ఆంటీ, ఇంకా చదివేదేముంది?" అన్నాడు నవేల్. "వ్యాను వాడు మధ్యాహ్నం దాకే ఆగుతానన్నాడు. ఈ ఎండలో ఇంకాసేపుంచితే గుడ్లు కాదు, ఆమ్లెట్లు విసరాలి."

ఐలేన్ యమీలా వంక చూసింది. "నువ్వేమంటావే? నీతో పాటే అనుకున్నాం కదా. ఆగమంటే ఆగుతాను. వీళ్ళని పంపించేస్తాను."

ఇక్కడ యమీలా ఒక మాట అనొచ్చు. మెట్ల పక్కకి తీసుకెళ్ళి, నువ్వు తిప్పి చెప్పావే, ఆగు, అనొచ్చు. ఆ మాట నాలిక మీదికి వచ్చింది కూడా. కానీ ఆ అత్తలందరూ ఐలేన్ జుట్టు సర్దుతున్నారు, ఒకావిడ దిష్టి పోవాలని దాని మణికట్టుకి ఎర్ర దారం కడుతోంది. మిర్తా తను తెచ్చిన పెట్టె తెరిచి వాళ్ళ చేతుల్లో గుడ్లు పెడుతోంది, యమీలా కోసం తెచ్చిన గుడ్లు.

"నీ ఇష్టం. వచ్చినవాళ్ళని ఊరికే ఎలా పంపిస్తావు" అంది యమీలా.

గోల మొదలైంది. నవేల్ నెత్తిన పగలగొట్టాడు, పిల్లలు పిండి కుమ్మరించారు, ఎవరో టమాటా సాసు పిండారు. ఐలేన్ కేకలు పెడుతూ గుండ్రంగా తిరుగుతోంది. "యమీ, నువ్వు కొట్టవేం? రావే, బాకీ తీర్చుకో!"

యమీలా ఒక గుడ్డు తీసుకుంది. పక్కన నిలబడి మెల్లగా నెత్తిన పగలగొట్టొచ్చు, స్నేహితులు అలాగే చేస్తారు. యమీలా నాలుగడుగులు వెనక్కి వేసి విసిరింది. అది ఐలేన్ చెవి పక్కన తగిలి పగిలింది.

"అమ్మో! బేస్‌బాల్ ఎప్పుడు నేర్చుకున్నావే?" అంది ఐలేన్ చెవి రుద్దుకుంటూ, నవ్వుతూనే.

చెయ్యి కడుక్కోడానికి నీళ్ళు దొరకలేదు. యమీలా వంతు వచ్చేసరికి వేళ్ళ మధ్య సొన ఆరి బిగుసుకుపోయింది. ఆ చేత్తోనే పంజరం పిడి తిప్పింది.

మొదటి గోళీ పదిహేను. భార్య, పిల్లలు, వాళ్ళకి తప్పకుండా దక్కాల్సిన వాటా. అది యమీలా నిద్రలో కూడా చెప్పగలదు, ఆ వంటగదిలో ఐలేన్ నిద్రపోతున్నప్పుడు చాలాసార్లు చెప్పింది.

రెండో గోళీ ఎనిమిది.

"పదిహేను, ఎనిమిది. ఏది చెప్తారు?" అన్నాడు బెనీతెస్.

తలుపుకి అద్దం పలక ఉంది. దాని అవతల తెల్లగా ఒక ఆకారం నిలబడింది. పిండి, సొన, సాసు, వాటి మధ్యలో పళ్ళు. లోపలికి రానివ్వలేదు కాబోలు, తలుపు సందులో చెవి పెట్టుకుని ఐలేన్ వింటోంది. రెండు బొటనవేళ్ళూ పైకెత్తి చూపించింది.

వ్యాను వెళ్ళిపోయే టైమయింది. ఐలేన్ వాళ్ళంతా వెళ్ళిపోతారు. ఇది మాత్రం నాకోసం ఉండిపోయింది. యమీలాకి ఇది తెలిసింది, స్పష్టంగా తెలిసింది. తెలిసినందుకే ఇంకా ఒళ్ళు మండింది. మంచిదనిపించుకోవడం కూడా దీనికే కావాలి.

"ఎనిమిది సార్" అంది.

అద్దం అవతల బొటనవేళ్ళు అలాగే కాసేపున్నాయి.

ఈసారి యమీలా నోరు ఎండలేదు. నిదానంగా, ఒక్క తడబాటు లేకుండా చెప్పింది. చట్టం చెప్పింది, తర్వాత, "దీనికి ఒక ఉదాహరణ ఉంది సార్" అంది.

"చిలకదేనా?" అన్నాడు బెనీతెస్, అప్పుడే నవ్వడానికి సిద్ధపడుతూ. "అది పొద్దున విన్నామమ్మా. కొత్తదేదైనా చెప్పండి."

"అది మా ఎల్విరా అమ్మమ్మ సార్. చిలక ఎవర్నీ తిట్టలేదు. ఆ ఇల్లు మా అమ్మకి రావాలి. రాలేదు." అక్కడ ఆగింది. ఆపేయడానికి అది ఆఖరి అవకాశం, ఆ సంగతీ యమీలాకి తెలుసు. "అమ్మమ్మ అడిగి రాయించుకుంది కాబట్టే మొత్తం చెల్లకుండా పోయింది. అడక్కుండా రాసుంటే ఇల్లు మాకే ఉండేది."

గదిలో ఎవరూ నవ్వలేదు. లెసామా మేడమ్ పెన్ను కింద పెట్టింది. "పొద్దున మనం ఇంకోలా విన్నాం కదా బెనీతెస్ గారూ. నేనప్పుడే గుర్తు పెట్టుకున్నాను. మీరు నవ్వుల్లో పడి ముందుకెళ్ళిపోయారు."

బెనీతెస్ ముఖం ముడుచుకుపోయింది. పొద్దుటి కాగితం బయటికి తీశాడు. దాని మీద పెన్సిలుతో వేసిన అంకె ఒకటుంది. మేడమ్‌తో చెవిలో రెండు మాటలు మాట్లాడి, పెన్సిలు తిరగేసి, రబ్బరుతో చెరిపాడు. యమీలా కళ్ళ ముందే.

తలుపు వైపు యమీలా చూడలేదు. చూడాల్సిన పని లేకపోయింది, గచ్చు మీద తడి చెప్పుల చప్పుడు దూరమవడం వినిపించింది.

సాయంత్రం వరండాలో మార్కులు చదివారు. నాలుగొస్తే పాస్. అకూన్యా, రెండు. సలసార్, తొమ్మిది.

ఐలేన్‌కి తప్ప ఇన్నాళ్ళూ ఎవరికీ రాని అంకె అది, తొమ్మిది. దాన్ని జేబులో వేసుకుని మెట్ల మీదికి వచ్చింది యమీలా. తెల్ల చొక్కా, ఇస్త్రీ నలగని చొక్కా. ఒక్క మరక లేదు.

వ్యాను వెళ్ళిపోయింది గానీ నవేల్ ఉండిపోయాడు. క్లాసు పిల్లలు అందరూ ఉన్నారు. అందరూ ఐలేన్ చుట్టూ ఉన్నారు. ఒకడు నీళ్ళ సీసా పట్టుకున్నాడు, ఒకతె జుట్టులోంచి పెంకులు ఏరుతోంది. "మార్చిలో మళ్ళీ పరీక్ష బల్ల వేస్తారే, ఎంతలోకి వస్తుంది", "ఆ బెనీతెస్ గాడికి నవ్వినప్పుడు లేదా బుద్ధి", "పిండి రాస్తే చర్మానికి మంచిదంట, ఊరికే పోలేదు." ఐలేన్ ఆ మాటకి నవ్వింది కూడా.

యమీలాని ఎవరూ గుడ్డుతో కొట్టలేదు. ఒకళ్ళిద్దరు "కంగ్రాట్స్" అన్నారు, బస్సులో సీటు ఇచ్చినందుకు థాంక్స్ చెప్పినట్టు.

మిర్తా దగ్గరికొచ్చింది. బుగ్గ మీద ముద్దు పెట్టింది. "తొమ్మిదా! నా బంగారమే. ఏ పాఠం వచ్చింది?"

"ఎనిమిది."

"ఒక్కటే వచ్చిందా? రెండు కదా తీస్తారు."

"పదిహేను కూడా వచ్చింది."

మిర్తాకి లా రాదు. కానీ ఆ వంటగది ఆమెదే, అక్కడ వినిపించిన పాఠాలన్నీ రొట్టెలు కాలుస్తూ ఆమె కూడా విన్నది. కూతురి ముఖంలోకి చూసింది. అట్టపెట్టెలో మిగిలిన గుడ్లని మెట్టు మీద, యమీలా కాళ్ళ దగ్గర పెట్టింది. చేతిసంచీలోంచి తువ్వాలు తీసుకుని ఐలేన్ దగ్గరికి వెళ్ళింది. "రా తల్లీ, కళ్ళు తుడుస్తాను."

తొమ్మిదొచ్చిన అమ్మాయి మెట్ల మీద శుభ్రంగా నిలబడింది. సాసు కారుతున్న, చెమట కంపు కొడుతున్న, రెండు మార్కులొచ్చిన ఆ పిల్ల వైపే చూసింది. ఇంకా ఏం కావాలి నీకు? నాకోసం తెచ్చిన ఒక్క తువ్వాలు కూడా నీకేనా?

ఐలేన్ తువ్వాలు తీసుకోలేదు. మిర్తా చెయ్యి పక్కకి జరిపి మెట్లెక్కి వచ్చింది. వంగి పెట్టెలోంచి ఒక గుడ్డు తీసింది.

"పదిహేను నీకు నోటికొచ్చు" అంది.

"వచ్చు."

"నేను తప్పు చెప్పానని పొద్దున్నే తెలుసు నీకు. గుడ్లు కొట్టేటప్పుడు కూడా తెలుసు."

యమీలా ఏదో వాదన వెతుక్కుంది. ఆరేళ్ళు చదివింది వాదించడమే. "అది మా ఇల్లే. దాన్ని పట్టుకుని నువ్వు వాళ్ళని నవ్వించావు."

"నవ్వించాను. ఉల్టాగా చెప్పాను, ఒప్పుకుంటాను, నాకు అలాగే గుర్తుండిపోయింది. అలా ఉంటే బాగుండు అనిపించి గుర్తుండిపోయిందేమో." ఐలేన్ గుడ్డుని అరచేతిలో దొర్లించింది. "నేను మీ అమ్మకి ఇల్లు ఇప్పించానే. నువ్వు అందరి ముందూ మళ్ళీ లాక్కున్నావు."

నాలుగడుగులు వెనక్కి వేసింది. సరిగ్గా నాలుగు.

గుడ్డు మెడ కింద ఎముక మీద తగిలింది. గుడ్డు అంత గట్టిగా ఉంటుందని యమీలా అనుకోలేదు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ విసురుని యమీలా గుర్తుపట్టింది. పొద్దున తన చేతిలోంచి వెళ్ళిందే, అదే బరువుతో తిరిగి వచ్చింది.

కింద నిలబడ్డ పిల్లలకి ఇదేమీ వినపడలేదు. మొదటి గుడ్డు పడింది, అంతే చూశారు. స్నేహితురాలే మొదలుపెట్టాక ఇంక మొహమాటమేముంది? హో అని అరిచి పెట్టె మీద పడ్డారు. గుడ్లు, పిండి, ఎవరో మిగిల్చిన సాసు, అన్నీ యమీలా మీదికి వచ్చాయి. చప్పట్లు కొట్టారు. పాట కూడా పాడారు.

సొన కారుతున్న కళ్ళతో యమీలా రోడ్డు వైపు చూసింది. ఐలేన్, నవేల్ నది వైపు నడిచి వెళ్తున్నారు. ఐలేన్ నెత్తి నుంచి కాళ్ళ దాకా తెల్లగా, ఈ ఊళ్ళో ఎవరు చూసినా ఒకటే అర్థమయ్యేలా ఉంది. ఒక బస్సు డ్రైవరు హారన్ మోగించాడు. మోటారు సైకిలు మీద పోతున్నవాడు ఒక చెయ్యి పైకెత్తి, "శుభాకాంక్షలు లాయరమ్మా!" అని అరిచాడు. పళ్ళ బండి ముసలాయన టోపీ తీశాడు.

ఐలేన్ కాదనలేదు. చెయ్యి ఊపుతూ, అందరికీ థాంక్స్ చెప్పుకుంటూ నడిచింది.

మెట్ల మీద పాట ఇంకా అవలేదు. అది తన కోసం పాడుతున్నదే. యమీలా మాత్రం ఆ హారన్లే వింటోంది, తనకి రావాల్సినవి ఎన్ని అటు వెళ్ళిపోతున్నాయో అని.